రెండో వైపు మొదటి చప్పుడు

వినికిడి పరీక్ష గదుల్లో కొత్తగా కూర్చున్న పిల్లల్లారా, ఇది మీకోసం రాస్తున్నాను. ఏ మీట తిప్పితే ఏ చప్పుడు వస్తుందో, గ్రాఫ్ మీద చుక్క ఎక్కడ పెట్టాలో మీకు కాలేజీలో నేర్పే ఉంటారు. అవి నాకంటే మీకే బాగా వచ్చు. వినపడకుండా పోయిన మనిషి ఏం చేస్తాడో, అతని మీద ప్రేమ ఉన్నవాళ్లు ఏం చేస్తారో మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. నాకు అది తెలియడానికి ఒక ఇంగ్లీషు పాటల రికార్డు కావలసి వచ్చింది. ఆ రికార్డు పేరు చెప్పను. చెబితే మీలో సగం మంది అది గొప్పదా కాదా అని వాదనకు దిగుతారు, అసలు సంగతి మూలన పడుతుంది.

సూరత్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రి చెవి విభాగంలో నా ఉద్యోగమంతా గడిచింది. నా గదిలో ఒక పెద్ద చెక్క పెట్టె లాంటి గది, దానికో అద్దం. లోపల పేషెంటు, బయట నేను. పేషెంటు చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. చప్పుడు వినపడితే నొక్కాలి, నొక్కితే నా దగ్గర లైటు వెలుగుతుంది. అంతే పని. చూడటానికి ఇంత సులువైన ఉద్యోగం ఇంకోటి లేదని మా ఆయన చివరిదాకా వెక్కిరిస్తూనే ఉండేవాడు.

వచ్చేవాళ్లలో ఎక్కువ మంది తెలంగాణ నుంచి వచ్చి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాళ్లే. మాదీ సిరిసిల్ల వైపే, మా నాయనా సాంచాలే నడిపాడు, అందుకని వాళ్లతో నాకు దుబాసీ అక్కర్లేదు. కరెంటు మగ్గాల మోతలో పదేళ్లు నిలబడ్డవాడికి చెవులు మిగలవు. దానికి వాళ్లు ఏడవరు. జుట్టు నెరిసినట్టు చెవులూ పోతాయి అనుకుంటారు. వాళ్లలో ఒక అలవాటుంది. ఇంట్లో పెద్దాయనకు వినపడకపోతే, బయటికి వెళ్లేటప్పుడు వినపడే మనిషి ఆయనకు ముందు నడుస్తాడు. సాంచాల మధ్య దారి ఒక్క మనిషికే పడుతుంది కదా, పక్కపక్కన నడవడం కుదరదు. అక్కడి అలవాటే రోడ్డు మీదికీ వచ్చింది. ముందు నడిచేవాడు వెనక్కి చెయ్యి చాపి సైగలు చేస్తాడు. పిడికిలి బిగిస్తే ఆగు, అరచెయ్యి ఊపితే రా. సాంచాల వాళ్లుండే అమ్రోలిలో మీరెప్పుడైనా ఒక కుర్రాడు వెనక్కి చెయ్యి పెట్టుకుని నడుస్తుంటే, వాడి వెనక ఒక ముసలాయన రావడం చూస్తే, అది ఇదే.

ఇక ఆ రికార్డు తెచ్చిన ఇంజనీరు గారి సంగతి. గోదావరి జిల్లా మనిషి, హజీరాలో ఒక ఫ్యాక్టరీలో కంప్రెషర్ల విభాగానికి పెద్ద. అడాజన్‌లో ఫ్లాటు. రిటైర్మెంటుకు ఇంకా రెండు మూడేళ్లుంది. గుబురు మీసాలు, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డ సంచి. సంచిలోంచి ఒక రికార్డు తీసి నా బల్ల మీద పెట్టారు. పాతకాలం నల్ల పళ్లెం లాంటి రికార్డు, అట్టపెట్టె మాత్రం కొత్తగా మెరుస్తోంది.

"జబ్బు నా చెవులకి కాదండి, దీనికి" అన్నారు.

విషయం ఏమిటంటే, కాకినాడలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర ఆ పాటల క్యాసెట్ విన్నారట. ఆ తరవాత జీవితంలో ప్రతి మలుపులోనూ అదే. ఉద్యోగం వచ్చినప్పుడు, పెళ్లయ్యాక సూరత్ వచ్చినప్పుడు, డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ప్రతి రోజూ చెప్పులు విప్పీ విప్పకముందే అది పెట్టేవారట. క్యాసెట్ అరిగిపోతే రికార్డు, అది గీతలు పడితే మరో రికార్డు. ఈ మధ్య ఫోన్లో ఆ పాటల కింద లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో రాసిన అభిప్రాయాలు చదవడం మొదలెట్టారు. ఒకామె ఆసుపత్రి మంచం మీద ఉండగా కొడుకు వినిపించాడని రాసింది. ఒకాయన లారీ నడుపుతూ మంచులో ఇరుక్కుపోయిన రోజు ఇదే తోడని రాశాడు. ఇంకొకడు ఇదంతా ఉత్త హంగామా, మొదటి వైపు చాలు, రెండో వైపు పారేయొచ్చని రాశాడు. వాడి మీద ఈయనకు పట్టరాని కోపం. అవన్నీ నా బల్ల ముందు కూర్చుని చదివి వినిపించారు. బయట క్యూ పెరుగుతోంది, నాకు చిరాకు పెరుగుతోంది.

అయితే ఒక మాట దగ్గర ఆగారు. రాసినవాళ్లు, పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ కూడా, రెండో వైపు మొదలయ్యే చోటు గురించి రాశారట. డ్రమ్ము పడకముందు, గిటారు రాకముందు, ఒక కంచు తాళం ఒంటరిగా, ఎక్కడో దూరాన్నించి సన్నగా మొదలై దగ్గరికొస్తుందట. అది గుర్తుందా అంటే గుర్తుంది, హాస్టల్లో దానికే పడిపోయానన్నారు. కాని ఇప్పుడు ఆయన రికార్డులో అది లేదు. కొత్తది కొన్నారు, అందులోనూ లేదు. ఫోన్లోనూ లేదు. ఇప్పటి కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి అసలు చప్పుడు తీసేశాయని ఆయన నిర్ధారణకొచ్చారు. అమ్మినవాడితో పోట్లాడటానికి, తన చెవులు బాగున్నాయని నేనొక కాగితం ఇవ్వాలి. అందుకొచ్చారు.

మీరు నవ్వారు కదా. నేనూ నవ్వాను.

లోపల కూర్చోబెట్టి పరీక్ష మొదలెట్టాను. చప్పుడు ఇస్తే లైటు, చప్పుడు ఇస్తే లైటు. ఇరవై ఏళ్ల కుర్రాడి గ్రాఫ్ లాగా వస్తోంది. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో అలా రాకూడదు. ఒకచోట చెయ్యి మీట మీదే పెట్టి చప్పుడు ఇవ్వకుండా ఆగాను. లైటు వెలిగింది. మళ్లీ ఆగాను. మళ్లీ వెలిగింది, సరిగ్గా అంతే ఎడంలో. అద్దంలోంచి చూశాను. కళ్లు మూసుకుని పాదంతో తాళం వేసుకుంటున్నారు.

కాలేజీలో డ్రమ్ము వాయించిన మనిషి. ఫ్యాక్టరీలో ఏటా జరిగే పరీక్షల్లో పొడుగాటి క్యూ ఉంటుంది కాబట్టి టెక్నీషియన్లు ఒకే లయలో చప్పుళ్లు ఇచ్చుకుంటూ పోతారు. ఆ లయ ఈయనకు పట్టుబడింది. మొదట్లో తెలియకుండానే, తరవాత తెలిసే, లయను బట్టి నొక్కుతూ వచ్చారు. అందుకే పిల్లలూ, చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎడం మార్చండి. క్యూ ఎంతున్నా మార్చండి. నేను తలుపు తీసి, నేనేమీ ఇవ్వలేదండీ, మీరు దేనికి నొక్కారు అని అడిగాను. ఆయన పాదం ఆగిపోయింది.

రెండోసారి సరైన పరీక్ష చేశాను. లావు చప్పుళ్లు బాగానే ఉన్నాయి. సన్న చప్పుళ్ల దగ్గరికొచ్చేసరికి గ్రాఫ్ నూతిలోకి దిగింది. మోటారు మోత వినపడుతుంది, డ్రమ్ము వినపడుతుంది. ఈల, పిట్ట కూత, కంచు తాళం వినపడవు. మా డాక్టరు గారు గుజరాతీ ఆయన, మెత్తటి మనిషి, గ్రాఫ్ చూసి ఇది ఏళ్ల తరబడి మోతలో ఉన్నందువల్ల, పోయినది తిరిగి రాదు అని చెప్పారు. ఇంజనీరు గారు పెద్దగా చలించలేదు. పాట పోతే పోయింది, మెషీన్‌కు ఇనుప రాడ్డు ఆనించి చెవికి పెట్టుకుంటే చాలు, దాని కడుపులో ఏముందో చెప్పేస్తాను, ఫ్యాక్టరీ అంతా నన్ను దానికే గౌరవిస్తుంది అన్నారు.

మీ ఫ్యాక్టరీలో సన్న చప్పుడు చేసేది ఏముంటుంది అని అడిగాను. మామూలుగానే అడిగాను. ఆయన బల్ల మీది గ్రాఫ్ వైపు చూసి, స్టీమ్ అన్నారు.

ఎక్కువ ఒత్తిడిలో ఉన్న స్టీమ్ గొట్టంలోంచి లీకైతే కంటికి కనపడదట. తెల్లగా పొగలా కనపడేది చల్లారిన తరవాతే. బయటికొచ్చే చోట గాలి మామూలుగానే కనపడుతుంది, చెయ్యి పెడితే చెయ్యి ఉండదు. దాన్ని పట్టుకునేది చెవితోనే. సన్నగా బుసకొడుతుంది. రోజూ పొద్దున రౌండుకు వెళ్లి, ఆ గొట్టాల వెంట నడిచి, అంతా బాగుందని చెప్పాల్సింది ఈయనే. ఆయన మాట మీద మనుషులు అక్కడ పనిచేస్తారు.

రౌండ్లు మానెయ్యండి, కంపెనీకి చెప్పి ఆఫీసులో కూర్చోండి అని నేనూ చెప్పాను, డాక్టరు గారూ చెప్పారు, కాగితం మీదా రాశారు. ఆయన ఒప్పుకోకుండా కంపెనీకి మేము పంపకూడదు, పేషెంటు రహస్యం. షట్‌డౌన్ అయిపోగానే నేనే చెబుతాను అన్నారు ఆయన. ఏడాదికోసారి ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే రోజులవి, దగ్గరపడుతున్నాయి. ఆ పని తన చేతుల మీదుగా జరగాలని ఆయన కోరిక. అయినా గ్రాఫ్‌ను పూర్తిగా నమ్మినట్టు లేరు. ఆదివారం మా ఇంటికి రండి, మా వాళ్లందరి ముందూ రికార్డు పెడతాను, మీరే తీర్పు చెప్పండి అని పిలిచారు. పేషెంట్ల ఇళ్లకు నేను వెళ్లను. ఈ ఒక్క ఇంటికీ ఎందుకు వెళ్లానంటే, ఆయన కళ్లెదుటే తేలిపోతే మొండితనం వదులుతుందేమోనని.

అడాజన్‌లో ఆ ఫ్లాటు శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం, కింద బస్సు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దం అదురుతోంది. ఆ రికార్డు మీద మక్కువతో నెలనెలా అక్కడ చేరేవాళ్లు ఇద్దరు. ఒకాయన పక్క ఫ్లాటు గుజరాతీ, సలాబత్‌పురాలో చీరల వ్యాపారి. ఇంకొకతను ఇంజనీరు గారి దగ్గర పనిచేసే ఫిట్టరు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. అమ్రోలి పిల్లవాడు, వాళ్ల నాయన నా పేషెంటే. పిల్లవాడంటున్నాను గాని అప్పటికి పెళ్లయి ఇద్దరు పిల్లల తండ్రి. ఇంజనీరు గారి భార్య టీలు ఇచ్చి, వంటింటి గడప దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

రెండో వైపు పెట్టారు. పెట్టగానే వినపడింది. నాకు ఇంగ్లీషు పాటలు తెలియవు, నచ్చవు కూడా. కాని ఆ తాళం సన్నగా మొదలై గదిలోకి వస్తుంటే ఒళ్లు ఝల్లుమంది. ఇంజనీరు గారు మా మొహాలు చూస్తున్నారు, ఏమీ లేదు కదా అన్నట్టు. మేమెవరమూ మాట్లాడకముందే చీరల వ్యాపారి వాహ్ అన్నాడు. తన కొట్లో సిల్కు చీర మడత విప్పి కస్టమరు ఒళ్లోకి జార్చినప్పుడు వచ్చే చప్పుడు ఇదేనని చెప్పాడు. చిన్నప్పుడు ఇంట్లో భజనలు తప్ప వేరే పాట వినపడకూడదని వాళ్ల నాన్న కట్టడి చేస్తే, కొట్టు వెనక గోడౌన్లో చీరల మూటల మధ్య పడుకుని ఇది వినేవాడట. మొదటి వైపు ఇంతకంటే బాగుంటుంది, ఇందులో గిటారు వాడు ఊరికే గొప్పలు పోతాడు అని కూడా అన్నాడు. దాని మీద వాళ్లిద్దరికీ ప్రతి నెలా గొడవేనట.

ఫిట్టరును అడిగితే సిగ్గుపడ్డాడు.

"పాట గిట్ల నాకేం సమజ్ గాదు సార్. గీ డ్రమ్ములు మోగుతుంటే మా నాయన సాంచాల కార్ఖానల పండుకున్నట్టు ఉంటది, మంచిగ నిద్రవడ్తది. షురూల వచ్చేటిదైతే, ఫ్లాంజి కాడ స్టీమ్ సన్నగ లీకైనట్టే ఉంటది."

ఫ్లాంజి అంటే రెండు గొట్టాలు కలిసే అతుకు. అతను నవ్వుతూనే అన్నాడు. ఇంజనీరు గారు మాత్రం నా వైపు చూశారు. నేను తలదించుకోలేదు.

ఎవరూ అడగకుండానే ఆయన భార్య మాట్లాడింది. ఈవిడకి ఆ రికార్డంటే గిట్టదని ఆయన ముందే చెప్పి ఉన్నారు.

"నాకీ గోల ఎప్పుడూ నచ్చలేదండి. కానీ వంటింట్లో ఉండగా ఆ చప్పుడు వినపడితే, ఈయన ఫ్యాక్టరీ నించి ప్రాణాలతో తిరిగొచ్చారని అర్థం. అందుకే ఎప్పుడూ ఆపమనలేదు."

ఇంతమంది విన్నదాన్ని తానొక్కడే వినలేదని ఆయనకప్పుడు తెలిసింది. తెలిసిన మనిషి ఏం చేయాలి? ఆయన నవ్వి, ఆ, ఇవాళ బాగానే వినపడిందండీ, మొన్న ముల్లు అరిగినట్టుంది అన్నారు. మళ్లీ ఒకసారి వేద్దాం అని లేచారు.

ఈలోగా ఎవరో తలుపు కొట్టారు. భార్య వెళ్తూ వెళ్తూ రికార్డు ప్లేయరు గొంతు పూర్తిగా తగ్గించి వెళ్లింది. వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ ఇంట్లో అదే అలవాటు కాబోలు. ఆయన గమనించలేదు. ముల్లు రెండో వైపు మొదట్లో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నారు. గదిలో చప్పుడు లేదు. రికార్డు తిరుగుతోంది. ఆయన మొహం మీద మెల్లగా చిరునవ్వు వచ్చింది. చూపుడు వేలు పైకెత్తి, ఇదిగో అన్నారు. ఎంత దగ్గరికొచ్చిందో చూడండి అన్నారు. వేలు గాలిలో ఊపుతూ, డ్రమ్ము పడాల్సిన చోట ఠక్కుమని చెయ్యి దించారు. డ్రమ్ము పడలేదు.

ఆయన కళ్లు తెరిచారు. వ్యాపారి గోడ వైపు చూస్తున్నాడు. నాకు ఆ గదిలోంచి లేచి పారిపోవాలనిపించింది. నేను కోరుకున్నది ఇదే, ఆయన కళ్లెదుటే తేలాలని. తేలాక చూస్తే ఒక పెద్దమనిషిని నడివీధిలో నిలబెట్టినట్టుంది. అప్పుడు ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు.

"అవ్ సార్. మంచిగ ఇనవడ్డది" అన్నాడు.

భార్య వచ్చి ఏమీ ఎరగనట్టు గొంతు పెంచింది. డ్రమ్ములు ఒక్కసారిగా మీద పడ్డాయి. అందరం ఆ మోత చాటున టీ గ్లాసులు సర్దుకున్నాం.

ఆ వారంలోనే వాళ్ల నాయన్ను చూపించే నెపంతో ఫిట్టరు ఆసుపత్రికొచ్చాడు. ముసలాయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి నా గదిలోకొచ్చాడు. అక్కా, సార్‌కు ఇనవడ్తలేదు గదా అని నేరుగా అడిగాడు. పేషెంట్ల సంగతి నేను చెప్పకూడదు, ఆయన్నే అడుగు అన్నాను. అడిగేదేముంది, నువ్వు చెప్పకున్నా నాకు ఎరుకైంది అన్నాడు. అయితే మీ సేఫ్టీ ఆఫీసరుకు చెప్పు అన్నాను. దానికి ఒప్పుకోలేదు. చెబితే సార్‌ను తెచ్చి ఆఫీసులో కూర్చోబెడతారు, ఆయన బతికుండే చచ్చిపోతాడు, నాకు పని నేర్పింది ఆయనే, సాంచాల నుంచి బయటికి తెచ్చిందీ ఆయనే, నా నోటితో నేను చెప్పను అన్నాడు.

"మరేం చేస్తవ్?" అన్నాను.

"నేను ముంగట నడుస్త అక్కా. మా నాయనకు నడిచినట్టే. గంతే."

అది కార్ఖానా కాదు తమ్ముడూ, స్టీమ్ అని కోపం చేశాను. అతను నవ్వి, నాకు చెవులున్నయ్ గదా అన్నాడు. కారిడార్లో వాళ్లిద్దరూ వెళ్తుంటే చూశాను. ముందు కొడుకు, వెనక్కి చాపిన చెయ్యి. వెనక తండ్రి. నేను ఇంజనీరు గారికి ఫోన్ చేసి రౌండ్లు మానమని ఇంకోసారి గట్టిగా చెప్పాను. షట్‌డౌన్ అవనివ్వండమ్మా అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పీ చెప్పీ నా గొంతు నొప్పి పుట్టింది.

తరవాత జరిగింది నేను చూడలేదు, ఇంజనీరు గారే చెప్పారు. మరమ్మతులు అయ్యాయి. ఫ్యాక్టరీ మళ్లీ నడిపించడం మొదలెట్టిన పొద్దున, స్టీమ్ వదిలిన గొట్టాల వెంట ఇద్దరూ రౌండుకు వెళ్లారు. చాలా రోజులుగా ఫిట్టరే ముందు నడుస్తున్నాడు. ఎందుకని ఆయన అడగలేదు, అతను చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. గొట్టాల మధ్య దారి అక్కడా సన్నమే, ఒక్క మనిషికే పడుతుంది. ఒక మలుపు దగ్గర అతను ఆగి చెవి రిక్కించాడు. ఏదో వినపడింది. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? వెనక్కి దూకి, లీకు అని అరుస్తారు. అతని వెనకున్న మనిషికి ఆ మోతలో అరుపు చేరదు. అందుకని అతను పారిపోకుండా వెనక్కి తిరిగి నిలబడి, చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించాడు. ఆగు.

ఇంజనీరు గారు ఆగారు. ఆ ఒక్క క్షణంలోనే అతుకులోంచి స్టీమ్ కారకుండా మధ్యన బిగించే గాస్కెట్ బిళ్ల పూర్తిగా తెగిపోయింది. అతని వీపు అటు ఉంది.

మూడో రోజున ఆసుపత్రిలో పోయాడు. అది మా ఆసుపత్రి కాదు. నేను వెళ్లేసరికి చూపించడానికి కూడా ఏమీ లేదు, మొహం తప్ప. మొహానికి ఏమీ కాలేదు, ఎందుకంటే అది సార్ వైపు తిరిగి ఉంది.

విచారణ కూర్చుంది. గాస్కెట్ బిగించడంలో లోపమని తేల్చేవాళ్లే, చెవుల సంగతి ఎవరికీ తెలియదు. వాళ్లు అడగకముందే ఇంజనీరు గారు లేచి, నాకు వినపడదు, అతనికి అది తెలుసు, అందుకే ముందు నడిచాడు అని చెప్పారట. రుజువుకు పరీక్ష కావాలన్నారు. మళ్లీ నా దగ్గరికే వచ్చారు. మీసాలు తెల్లబడ్డట్టు అనిపించింది, రంగు వేసుకోవడం మానేశారేమో. లోపల కూర్చున్నారు, హెడ్‌ఫోన్లు పెట్టాను. లావు చప్పుళ్లకు నొక్కారు. సన్న చప్పుళ్లు మొదలెట్టాను. పెంచాను, ఇంకా పెంచాను. అద్దంలోంచి చూస్తే బటన్ ఒళ్లో ఉంది, రెండు చేతులూ దాని పక్కన ఊరికే పడి ఉన్నాయి. పాదాలు కదల్లేదు. అంత నిజాయితీగా పరీక్ష చేయించుకున్న మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ నిజాయితీ మొదటి రోజే చూపించి ఉంటే ఏం పోయేది అని అరవాలనిపించింది. అరిచినా ఆయనకు సగమే చేరేది.

తరవాత ఒక ఆదివారం, అమ్రోలిలో ఫిట్టరు ఇంటికి వెళ్లాలి, మీరు తోడు రండి అని అడిగారు. వాళ్ల భాష నాకు సరిగా అందదు అన్నారు. అసలు కారణం ఒక్కళ్లే వెళ్లలేకపోవడం. ఆయన భార్యా వచ్చింది. మెట్ల పక్కన కింది అంతస్తులో రెండు గదులు. ఫిట్టరు భార్య నీళ్లిచ్చి లోపలికెళ్లిపోయింది, మళ్లీ బయటికి రాలేదు. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు అప్పటికి కంపెనీవాళ్లు ఏదో చెప్పారు, ప్రమాదమని.

ఇంజనీరు గారు చేతులు జోడించి, నెమ్మదిగా, తప్పు నాదండి అని మొదలెట్టారు. ముసలాయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏంది సారూ? జర గట్టిగ చెప్పు. ఇనవడదు."

ఆయన మళ్లీ చెప్పారు. ముసలాయన పెదాలు చదవగలడు, కాని ఈయన పెదాల మీద మీసాలున్నాయి. తల అడ్డంగా ఊపాడు. ఇంజనీరు గారి భార్య, నేను చెప్పనా అని నన్ను అడిగింది. నేను వద్దన్నాను. అది ఆయన నోటినుంచే రావాలి. చివరికి ఆయన లేచి నిలబడి, మీసాలు చేత్తో పక్కకు తోసుకుని, గట్టిగా అరిచారు. నాకు చెవులు వినపడవు, దాచిపెట్టాను, అందుకే మీవాడు నాకు ముందు నడిచాడు అని. మూడుసార్లు అరవాల్సి వచ్చింది. మెట్ల మీద పిల్లలు ఆట ఆపేశారు. ఎదురింటి వాళ్లు తలుపుల దగ్గరికొచ్చారు. మెత్తగా, చెవిలో చెప్పుకోవాల్సిన మాట ఆ గల్లీ అంతా విన్నది.

మూడోసారికి ముసలాయనకు అర్థమైంది. చెయ్యి చెవి దగ్గర్నుంచి దించాడు. సాంచాల మీద పనిచేసినవాళ్లు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఆయన ఎప్పుడూ అలాగే మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం తనలో తాను అనుకున్నట్టు, చాలా చిన్నగా అన్నాడు.

"ముంగట నడువుమని వానికి నేర్పింది నేనే. సిన్నప్పటి సంది."

ఇంజనీరు గారు నా వైపు తిరిగారు.

"ఏమన్నారమ్మా?"

మనకు నేర్పింది మీకు తెలుసు కదా. వినపడని మనిషికి ఎదురుగా కూర్చోవాలి, వెలుతురు మన మొహం మీద పడాలి, అరవకూడదు, ఒక్కో మాటా విడదీసి చెప్పాలి. నేను కుర్చీ జరుపుకుని తలుపు వెలుతురులో, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఇంకేదైనా చెప్పెయ్యొచ్చు, ఆయనకు తెలిసేది కాదు. ముసలాయన అన్న మాటే ఒక్కో ముక్కా విడదీసి చెప్పాను. ఆయన నా పెదాల వైపే చూస్తూ, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.